ఈనిన ఆవు గర్భసంచి చెడకుండా: ఒత్తిడి వైపు నుంచి పట్టుకునే పద్ధతి

ఆవు ఈనిన వెంటనే గర్భసంచి ముఖం తెరుచుకునే ఉంటుంది. మాయ ఊడిన చోటల్లా లోపలి గోడ పచ్చిగా ఉంటుంది. రక్తం, మైల, మాయ ముక్కలు ఇంకా లోపలే ఉంటాయి. సూక్ష్మక్రిములకు ఇంతకంటే మంచి చోటు దొరకదు. అందుకే ఈనిన మొదటి రెండు వారాల్లో నమూనా తీసి చూస్తే నూటికి 80 నుంచి 100 ఆవుల గర్భసంచిలో బ్యాక్టీరియా కనిపిస్తుంది. ఎంత శుభ్రంగా ఉంచినా ఇది పూర్తిగా తప్పదు.

అయినా అన్ని ఆవులూ జబ్బు పడవు. ఎక్కువ భాగం రెండు మూడు వారాల్లో తమంతట తామే లోపల శుభ్రం చేసుకుంటాయి. కొన్నింటికి మాత్రం కుళ్లు వాసనతో స్రావం వస్తుంది, జ్వరం పట్టుకుంటుంది, మేత మానేస్తాయి. మరికొన్నింటికి జ్వరమూ ఉండదు, బయటికి ఏమీ తెలియదు, కానీ ఎన్నిసార్లు కట్టించినా చూలు నిలవదు. క్రిమి అన్నిటి దగ్గరికీ వచ్చింది. తేడా ఆవు రోగనిరోధక శక్తిలో ఉంది. ఆ శక్తిని సరిగ్గా ఆ రోజుల్లోనే దెబ్బతీసే వాటిలో ఒత్తిడి హార్మోన్లు ముఖ్యమైనవి.

కాబట్టి ఈ జబ్బు, అంటే గర్భసంచి వాపు గురించి ఆలోచించడం ఈనిన తర్వాత మొదలుపెడితే సగం ఆట అప్పటికే అయిపోయినట్టు. ఈనడానికి మూడు వారాల ముందు నుంచి మళ్లీ చూలు కట్టించే దాకా ఏ దశలో ఏం చేయాలో వరసగా చూద్దాం. ముందు ఒంట్లో ఏం జరుగుతుందో తెలిస్తే, తర్వాత చెప్పేవన్నీ ఎందుకో అర్థమవుతాయి.

ఒంట్లో జరిగేది

బెదురు, నొప్పి, ఎండ, ఆకలి, తోటి ఆవుల పోట్లాట, ఏది ఎదురైనా ఆవు ఒళ్లు రెండు దారుల్లో స్పందిస్తుంది. నరాల దారిలో క్షణాల్లో అడ్రినలిన్ విడుదలవుతుంది. హార్మోన్ల దారి కాస్త నెమ్మది. మెదడులోని హైపోథాలమస్ పీయూష గ్రంథిని కదిలిస్తుంది, అది ఏసీటీహెచ్ అనే హార్మోన్ వదులుతుంది, దాంతో మూత్రపిండాల దగ్గరున్న అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ తయారుచేస్తాయి.

కార్టిసాల్ అంటేనే చెడు అనుకోనక్కర్లేదు. అసలు ఈనిక మొదలయ్యేదే దానితో. నెలలు నిండిన దూడ ఒంట్లో కార్టిసాల్ పెరుగుతుంది, దాని ప్రభావంతో తల్లిలో ప్రొజెస్టరాన్ పడిపోతుంది, ఈస్ట్రోజెన్ పెరుగుతుంది, నొప్పులు మొదలవుతాయి. ఈనే సమయానికి తల్లి రక్తంలో కూడా కార్టిసాల్ బాగా పెరిగి, మామూలుగా ఒకటి రెండు రోజుల్లో దిగిపోతుంది. ఈ పెరుగుదలను ఆపలేం, ఆపకూడదు. దానికి ముందూ వెనకా మనం చేజేతులా కలిపే ఒత్తిడి ఒక్కటే మన అదుపులో ఉంది.

ఇక గర్భసంచికి దీనితో సంబంధం. క్రిముల మీదికి మొట్టమొదట వెళ్లేవి న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు. అవి రక్తంలో పోతూ పోతూ రక్తనాళం గోడను పట్టుకుని, నెమ్మదించి, గోడలోంచి దూరి గర్భసంచి కణజాలంలోకి వెళ్లాలి. అలా పట్టుకోవడానికి వాటి మీద ఎల్‌-సెలెక్టిన్ అనే ప్రొటీన్ ఉంటుంది. కార్టిసాల్ పెరిగితే ఆ ప్రొటీన్ తగ్గిపోతుంది. అప్పుడు ఆ కణాలు దిగాల్సిన స్టాపులో దిగలేని ప్రయాణికుల్లా రక్తంలోనే తిరుగుతూ ఉంటాయి. ఇక్కడే రక్తపరీక్ష చూసి పొరబడే వీలుంది. రిపోర్టులో న్యూట్రోఫిల్స్ సంఖ్య ఎక్కువగా కనిపిస్తుంది, రోగనిరోధక శక్తి బాగుందనిపిస్తుంది. నిజానికి వెళ్లాల్సిన చోటికి వెళ్లలేక రక్తంలో మిగిలిపోయినవి కూడా ఆ లెక్కలో ఉంటాయి.

మాయ పడటంలోనూ ఈ కణాలకే పని ఉంది. దూడ బయటికి వచ్చాక మాయను పరాయి వస్తువుగా గుర్తించి, గర్భసంచి గోడకున్న గుండీల (మాయ అతుక్కునే బొడిపెల) దగ్గర దాని పట్టు వదిలించడానికి అవి సాయపడతాయి. ఆ కణాలు మందగిస్తే మాయ నిలిచిపోతుంది. నిలిచిన మాయ కుళ్లి గర్భసంచి వాపుకు దారితీస్తుంది. రెండూ వేర్వేరు జబ్బులుగా కనిపించినా మూలం చాలాసార్లు ఒకటే.

అడ్రినలిన్ చేసేది ఇంకో రకం నష్టం. అది గర్భసంచి కండరాన్ని సడలిస్తుంది, ఆక్సిటోసిన్ పనికి అడ్డం పడుతుంది. ఈనుతున్న ఆవు బెదిరితే నొప్పులు ఆగినంత పనవుతుంది, ఈనిక సాగుతుంది, మనిషి చెయ్యి లోపల పెట్టాల్సిన అవసరం వస్తుంది.

ఒత్తిడిలో ఉన్న ఆవు మేత తగ్గిస్తుంది. ఒంట్లోని కొవ్వు కరిగి రక్తంలోకి వస్తుంది, కాలేయం మీద భారం పడుతుంది, కొవ్వు కరిగినప్పుడు పుట్టే కీటోన్లు అనే పదార్థాలు పెరుగుతాయి. కొవ్వు ఆమ్లాలు, కీటోన్లు ఎక్కువైతే తెల్ల రక్తకణాల చురుకు ఇంకా తగ్గుతుంది. పైగా కార్టిసాల్, ఈ.కోలై లాంటి క్రిములు వదిలే ఎండోటాక్సిన్ అనే విషం, రెండూ మెదడు నుంచి అండాశయానికి వెళ్లే ఎల్‌హెచ్ అనే హార్మోన్ సంకేతాన్ని మందగింపజేస్తాయి. అందుకే గర్భసంచి చెడిన ఆవు ఎదకు కూడా ఆలస్యంగా వస్తుంది.

ఇది రెండు వైపులా నడిచే వ్యవహారం. క్రిములు ముదిరితే ఒంట్లో పుట్టే వాపు రసాయనాలు మళ్లీ కార్టిసాల్‌ను పెంచుతాయి. జబ్బు పడిన ఆవును ఒంటరిగా కట్టేసి, రోజుకు నాలుగుసార్లు పట్టి సూదులు పొడిస్తే ఆ చక్రం ఇంకా వేగంగా తిరుగుతుంది.

కార్టిసాల్ పరీక్ష చేయించాలా అని కొందరు అడుగుతారు. రక్తం తీయడానికి ఆవును పట్టుకుంటే చాలు, కార్టిసాల్ పెరిగిపోతుంది. పేడలో, వెంట్రుకలో కొలిచే పద్ధతులు పరిశోధనకు బాగా ఉపయోగపడతాయి. రైతుకు మాత్రం ఆవు తినే తీరు, పడుకునే తీరు, నడిచే తీరు చూడటమే మంచి పరీక్ష.

అడుగు 1: మూడు వారాల ముందే చోటు ఖాయం చేయండి

ఈనే తేదీ లెక్కకట్టి, దానికి కనీసం 21 రోజుల ముందే ఆవును చివరి దశ కొట్టంలోకి చేర్చండి. గుంపు మారిన ప్రతిసారీ ఆవులు ఎవరు పైన ఎవరు కింద అని తేల్చుకోవడానికి రెండు మూడు రోజులు కుమ్ములాడుకుంటాయి. ఆ రోజుల్లో దెబ్బతినేది నెమ్మదస్తురాలైన ఆవు. దానికి గాడి దగ్గర చోటు దొరకదు, పడుకునే తీరిక ఉండదు. ఈనడానికి చివరి పది రోజుల్లో చోటు మార్చడం అన్నిటికంటే చేటు.

పెద్ద డెయిరీ అయితే రోజుకో ఆవును గుంపులో కలపకుండా, వారానికి ఒకే రోజు నాలుగైదింటిని కలిపి పంపండి. పోట్లాట ఆ రెండు రోజులకే పరిమితమవుతుంది. ఏ ఆవునూ, ముఖ్యంగా తొలిచూలు పెయ్యను, ఒంటరిగా కొత్త గుంపులోకి తోలొద్దు. వీలైతే తొలిచూలు పెయ్యలకు వేరే కొట్టమే ఉండాలి. పెద్ద ఆవుల మధ్య వాటికి మేత గాడి దాకా వెళ్లడమే కష్టం.

కొలతల సంగతి. చివరి దశలో ఉన్న ఒక్కో ఆవుకు గాడి దగ్గర కనీసం 76 సెంటీమీటర్ల, అంటే రెండున్నర అడుగుల చోటు కావాలి. మెడలు పెట్టే గళ్లు పది ఉంటే ఎనిమిది ఆవులకు మించి ఉంచొద్దు. వదులుగా పడుకునే కొట్టమైతే ఒక్కోదానికి పది చదరపు మీటర్ల పొడి పరుపు ఉండాలి. ఆవు రోజుకు సుమారు 12 గంటలు పడుకోవాలి. తడి నేల మీద అది నిలబడే ఉంటుంది.

రెండు మూడు ఆవులు కట్టేసి మేపేవాళ్లకు ఈ కొలతలు ఎందుకు అనిపించవచ్చు. అక్కడా ఇదే సూత్రం. పొడిచే ఆవు పక్కన చూడి ఆవును కట్టొద్దు. పలుపు మరీ కురచగా ఉంటే లేవడానికి, పడుకోవడానికి ఇబ్బంది పడుతుంది. కట్టే చోటును నెల ముందే ఖాయం చేసి ఈనేదాకా మార్చకండి.

అడుగు 2: మేత గాడి దగ్గర పది నిమిషాలు నిలబడండి

ఈ మొత్తంలో ఒక్కటే పని చేయగలిగే తీరిక ఉంటే, నేను ఇదే చేయమంటాను.

కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2007లో ప్రచురించిన అధ్యయనంలో, ఈనిన తర్వాత తీవ్రమైన గర్భసంచి వాపు వచ్చిన ఆవులు ఈనడానికి రెండు వారాల ముందు నుంచే తక్కువ తిన్నాయని తేలింది. ఈనడానికి ముందు వారంలో మేత సగటున ఒక్క కిలో ఎండు పదార్థం (నీరు తీసేస్తే మిగిలే మేత బరువు) తగ్గినా, ఆ జబ్బు వచ్చే అవకాశం దాదాపు మూడు రెట్లు పెరిగింది. అంటే క్రిమి లోపలికి వెళ్లడానికి ఎన్నో రోజుల ముందే ఆవు సూచన ఇస్తోంది. ఆ ఆవులు గాడి దగ్గర గొడవకు దిగకుండా పక్కకు తప్పుకునేవి కూడా.

కాబట్టి కొత్త మేత వేసిన వెంటనే అక్కడే నిలబడి చూడండి. ఏ ఆవు ముందుకొచ్చింది, ఏది వెనక నిలబడి ఎదురుచూస్తోంది? ఒక ఆవు తల పెట్టబోయి, పక్క ఆవు మెడ తిప్పగానే వెనక్కి తగ్గిందా? తిరిగి వచ్చిందా, వెళ్లి మూల నిలబడిందా? మిగతావి తిని వెళ్లాక వచ్చి గాడి అడుగున మిగిలిన కాడలు నాకుతోందా? వెనక ఎడమవైపు, చివరి పక్కటెముక తర్వాత డొక్క చూడండి. అక్కడ గుంట లోతుగా కనిపిస్తే దానికి కడుపు నిండలేదు. వరసగా రెండు రోజులు ఇలా కనిపించిన ఆవు పేరు లేదా నంబరు గోడ మీద రాసి పెట్టుకోండి. ఈనాక దాన్ని అందరికంటే ముందు పరీక్షించాలి.

ఈనడానికి దగ్గరపడేకొద్దీ ఏ ఆవుకైనా మేత కొంత తగ్గుతుంది. ఆ తగ్గుదలను ఒత్తిడితో మరింత లోతుకు తోయకపోవడమే మన పని. మేతను రోజుకు చాలాసార్లు ముందుకు తోస్తూ ఉండాలి, ఒకేసారి రుచి మార్చకూడదు, తొట్టిలో శుభ్రమైన నీళ్లు ఎప్పుడూ ఉండాలి. ఈనే నాటికి ఒంటి పుష్టి అయిదు పాయింట్ల కొలతలో 3 నుంచి 3.5 మధ్య ఉంటే మంచిది. బాగా కొవ్వెక్కిన ఆవు ఈనాక మేత ఎక్కువగా తగ్గిస్తుంది, కొవ్వు ఎక్కువగా కరిగించుకుంటుంది.

అడుగు 3: పాలివ్వని ఆవుకూ ఫ్యాను పెట్టండి

చాలా కొట్టాల్లో ఫ్యాన్లు, నీటి జల్లు పాలిచ్చే ఆవుల మీదే ఉంటాయి. వట్టిపోయిన ఆవు ఏదో రేకుల కింద ఓ మూల. పాలు రావడం లేదు కాబట్టి ఖర్చు దండగ అనే లెక్క అది. ఆ లెక్క తప్పు. వట్టి కాలంలో వేడికి గురైన ఆవు ఈనాక తక్కువ పాలిస్తుంది, దాని తెల్ల రక్తకణాల పనితనం కూడా తగ్గుతుంది. దూడ కూడా తక్కువ బరువుతో పుడుతుంది.

ఉష్ణోగ్రతనూ గాలిలో తేమనూ కలిపి లెక్కించే టీహెచ్‌ఐ సూచీ 68 దాటితే పాలావుకు ఒత్తిడి మొదలైనట్టు తీసుకుంటారు. సూచీ లేకపోయినా ఆవు డొక్క చూసి ఊపిరి లెక్కపెట్టవచ్చు. నిమిషానికి 60 దాటితే దానికి వేడి తట్టుకోవడం కష్టంగా ఉంది. నీడ, గాలి, ఒంటి మీద నీటి జల్లు, ఆ తర్వాత మళ్లీ గాలి. గాలి ఆడని చోట ఊరికే నీళ్లు చల్లితే తేమ పెరిగి ఇంకా ఉక్కపోస్తుంది.

అడుగు 4: కాల్షియం, ఖనిజాలు

కాల్షియం తగ్గితే గర్భసంచి గట్టిగా ముడుచుకోలేదు, తెల్ల రక్తకణాలూ సరిగా పనిచేయలేవు. పాలజ్వరం వచ్చి పడిపోయేదాకా తెలియకపోవచ్చు. లోలోపల తగ్గి ఉన్న ఆవులే ఎక్కువ. మూడో ఈత, ఆ పైబడిన ఆవుల్లో ఇది మరీ ఎక్కువ. ఈనడానికి ముందు మేతలో కాల్షియం, పొటాషియం ఎంతుండాలి, ఆమ్ల లవణాలు (రక్తంలో కాల్షియం పడిపోకుండా మేతలో కలిపేవి) వాడాలా అన్నది మీ మేతను చూసి పశువైద్యుడో పోషణ నిపుణుడో చెప్పాలి. ఆమ్ల లవణాలు వాడితే మూత్రం పీహెచ్ కూడా చూస్తూ ఉండాలి. అది లేకుండా వాడితే చీకట్లో మందు వేసినట్టే.

విటమిన్ ఈ, సెలీనియం లోపం ఉన్న చోట అవి అందిస్తే మాయ నిలవడం తగ్గుతుంది. సెలీనియం ఎక్కువైతే విషం. సొంతంగా డోసు పెంచొద్దు.

అడుగు 5: ఈనే రోజు

ఆవు పొదుగు బిగిసి, తోక మొదట్లో రెండు వైపులా గుంటలు పడి, గుంపు నుంచి పక్కకు వెళ్తుంటే గడియ దగ్గరపడింది. దానికి చాటు కావాలి. కొట్టంలో ఒక మూల తడికో, గుడ్డ పరదానో కట్టి ఉంచితే అది తనంతట తానే అక్కడికి వెళ్తుంది. తోటి ఆవులు కనిపించేలా, కానీ మీదికి రాకుండా ఉండాలి.

ఈనే కొట్టంలోకి మార్చాలంటే రెండే సమయాలు. ఒకటి, చాలా రోజుల ముందు. రెండు, నీటి బుడ్డో దూడ కాళ్లో బయటికి కనిపించి ఈనిక ఖాయమైనప్పుడు. ఈ రెంటికీ మధ్య, అంటే అది అటూ ఇటూ తిరుగుతూ తోక ఎత్తుతూ నొప్పులు పడుతున్న చివరి గడియల్లో కదిలిస్తే దూడ బయటికి రావడానికి పట్టే సమయం పెరుగుతుంది. ఆ సమయంలో అరుపులు, కుక్కలు, టార్చి లైట్లు, చుట్టూ చేరిన జనం వద్దు. చూసేవాళ్లు ఒకరు చాలు, అదీ దూరం నుంచి.

నీటి బుడ్డ కనిపించాక సుమారు గంటలో దూడ రావాలి. ప్రతి 15 నుంచి 20 నిమిషాలకు కాస్తైనా ముందుకు వస్తుంటే ఆగండి. గంట దాటినా కదలిక లేకపోతే, ఒకే కాలు కనిపిస్తే, తల లేకుండా కాళ్లు మాత్రమే వస్తే, ఆలస్యం చేయకుండా డాక్టరును పిలవండి. తొందరపడి లాగడం ఎంత నష్టమో, గంటల తరబడి చూస్తూ కూర్చోవడం అంతే నష్టం. చెయ్యి పెట్టాల్సి వస్తే ముందు తోకను పక్కకు కట్టి వెనక భాగాన్ని సబ్బు నీళ్లతో కడగాలి. భుజం దాకా వచ్చే శుభ్రమైన గ్లవ్స్, పుష్కలంగా జారుడు ద్రవం వాడాలి. తాళ్లు ఉడికించినవై ఉండాలి. పచ్చిగా ఉన్న గోడకు కలిగే ప్రతి చిన్న గీతా క్రిములకు దారి.

ఈనగానే గోరువెచ్చని నీళ్లు తాగినంత ఇవ్వండి, మేత ముందు పెట్టండి, దూడను నాకనివ్వండి. ఆ గంటలో ఆవును ఎవరూ హడావుడి పెట్టకూడదు.

నొప్పి కూడా ఒత్తిడే కాబట్టి కష్టంగా ఈనిన ఆవుకు నొప్పి మందు ఇవ్వడం సబబే. కానీ ఏ మందు, ఎప్పుడు అన్నది ముఖ్యం. ఫ్లూనిక్సిన్‌ను ఈనిన మొదటి గంటల్లో ఇస్తే మాయ నిలిచే ప్రమాదం పెరిగిందని తేలింది. అందుకే ఆ నిర్ణయం డాక్టరుకే వదలండి.

అడుగు 6: మాయ పడకపోతే లాగొద్దు

మాయ మామూలుగా 12 గంటల లోపు పడిపోతుంది. 24 గంటలు దాటితే నిలిచినట్టు లెక్క. కవలలు పుట్టినా, నెలలు నిండకుండా ఈనినా, దూడ చనిపోయి పుట్టినా, కష్టంగా ఈనినా నిలిచే అవకాశం ఎక్కువ.

చేత్తో పీకించడం చాలా పాత అలవాటు. అది మానాలి. గుండీల దగ్గర పట్టు వదలని మాయను లాగితే గోడ చిరుగుతుంది, క్రిములు లోతుకు వెళ్తాయి, ఆవుకు నొప్పి, భయం. వేలాడే మాయకు రాయో ఇటుకో కట్టడం ఇంకా ఘోరం. నేలను తాకి మురికవుతున్న భాగాన్ని కత్తిరించి, మిగతాది దానంతట అది కుళ్లి పడిపోయేదాకా ఆగాలి. చాలావరకు వారం పది రోజుల్లో పడిపోతుంది. గర్భసంచిలో పెట్టే మాత్రలు ఆ సహజమైన ఊడిపోవడాన్ని వేగవంతం చేయవు. జ్వరం లేకుండా, మేత తింటున్న ఆవుకు మాయ నిలిచిందన్న ఒక్క కారణంతో యాంటీబయోటిక్ మొదలుపెట్టనక్కర్లేదు. రోజూ జ్వరం మాత్రం చూడాల్సిందే.

అడుగు 7: మొదటి పది రోజులు, రోజూ ఒక చూపు

ఉదయం ఒకే సమయానికి, మేత దగ్గర నిలబడినప్పుడే చూడండి. దాన్ని విడిగా తోలుకెళ్లి బిగించి చూస్తే ఆ చూపే ఒత్తిడి అవుతుంది. అన్నీ కలిపి ఆవుకు రెండు మూడు నిమిషాలు పడుతుంది.

ముందు నుంచి: కళ్లు లోపలికి పోయాయా, చెవులు వాలి చల్లగా ఉన్నాయా, మేత మీద ధ్యాస ఉందా. పక్క నుంచి: డొక్క నిండిందా, నెమరు వేస్తోందా. వెనక నుంచి: జ్వరం, స్రావం.

ఆవు ఒంటి వేడి మామూలుగా 38 నుంచి 39.3 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. 39.5, అంటే ఫారెన్‌హీట్‌లో 103 దాటితే జ్వరం. అయితే జ్వరం ఒక్కటి చూసి సూది వేయకండి. ఎండాకాలం మధ్యాహ్నం ఆరోగ్యంగా ఉన్న ఆవుకూ అంత వేడి ఉండవచ్చు. అలాగే జ్వరం లేనంత మాత్రాన గర్భసంచి బాగుందనీ కాదు.

స్రావం చూడటానికి ఉదయం ఆవు పడుకుని లేచిన చోటు మంచిది. పడుకున్నప్పుడు కడుపు ఒత్తిడికి లోపలున్నది బయటికి వస్తుంది. తోక కింది వైపు ఎండి అంటుకున్నది కూడా చూడండి. ఎర్రగా, గోధుమ రంగులో, చిక్కగా, కుళ్లు వాసన లేకుండా వస్తే అది మైల. రోజురోజుకూ తగ్గుతూ రెండు వారాలు, ఒక్కోసారి కాస్త ఎక్కువ రోజులు వస్తుంది. భయపడాల్సింది లేదు. అదే నీళ్లలా పలచగా, ఎర్రటి గోధుమ రంగులో, దగ్గరికి వెళ్లకముందే ముక్కు మూసుకోవాల్సినంత కుళ్లు వాసనతో వస్తే అది వాపు. ఆ వాసనకు జ్వరం, మేత తగ్గడం, పాలు పడిపోవడం తోడైతే అది అత్యవసరం. ఎక్కువగా అయిదో రోజుకూ పదో రోజుకూ మధ్య బయటపడుతుంది, 21వ రోజు దాకా ఎప్పుడైనా రావచ్చు.

వీలుంటే మొదటి రెండు వారాల్లో ఒకటి రెండుసార్లు రక్తంలో కీటోన్ చూడండి. చేతిలో పట్టే మీటరుతో ఒక్క చుక్క చాలు. బీహెచ్‌బీ అనే కీటోన్ లీటరుకు 1.2 మిల్లీమోల్ దాటితే ఆవు శక్తి లోటులో ఉంది, గర్భసంచి శుభ్రపడటం కూడా ఆలస్యమవుతుంది.

అడుగు 8: జబ్బు పడితే

కుళ్లు వాసనతోపాటు జ్వరం, నీరసం ఉన్న ఆవుకు ఒంట్లోకి వెళ్లే యాంటీబయోటిక్ అవసరం పడుతుంది. ఏది, ఎన్ని రోజులు అన్నది డాక్టరు చెప్పాలి. ఇందుకు వాడే సెఫ్టియోఫర్ మూడో తరం సెఫలోస్పోరిన్. ఆ కుటుంబాన్ని మనుషుల చికిత్సకు అతి ముఖ్యమైనదిగా ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించింది. దాన్ని ప్రతి ఈనిన ఆవుకూ ముందుజాగ్రత్తగా వేయడం సరికాదు. వాడిన మందుకు పాలు పోయకూడని రోజులు ఎన్నో లేబుల్ మీద చూసి, ఆవుకు గుర్తు కట్టండి.

జ్వరం లేకుండా, చక్కగా తింటూ, స్రావం మాత్రం తేడాగా ఉన్న ఆవులు చాలావరకు తమంతట తామే కోలుకుంటాయి. రోజూ గమనిస్తూ ఆగడం కూడా వైద్యమే. డాక్టరుతో మాట్లాడి ఆగండి.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. డెక్సామెథాసోన్ లాంటి స్టెరాయిడ్ కార్టిసాల్‌కు బలమైన తోబుట్టువు. అది వేస్తే జ్వరం దిగుతుంది, ఆవు హుషారుగా లేచి మేత తింటుంది, చూసేవాళ్లకు మందు పనిచేసినట్టే ఉంటుంది. లోపల మాత్రం మనం మూడు వారాలుగా కాపాడుకొస్తున్న తెల్ల రక్తకణాల పట్టును అదే వదిలిస్తుంది. గర్భసంచిలో క్రిములున్న ఆవుకు స్టెరాయిడ్ రాస్తుంటే ఎందుకని అడగండి. జ్వరానికి, నొప్పికి స్టెరాయిడ్ కాని మందులు ఉన్నాయి.

మొదటి వారాల్లో గర్భసంచిలోకి అయోడిన్ లాంటి మంట పుట్టించే ద్రవాలు ఎక్కించడం వల్ల గోడ ఇంకా దెబ్బతింటుంది. గర్భసంచి పలచగా, వాచి ఉన్నప్పుడు గొట్టం గుచ్చుకుని చిల్లు పడిన సందర్భాలూ ఉంటాయి.

మిగతా వైద్యం మామూలు సేవే. నీళ్లు తాగించడం, కీటోన్లు పెరిగితే డాక్టరు చెప్పిన శక్తి ద్రవం పట్టించడం, కాల్షియం చూడటం. చేయాల్సినవన్నీ ఒకేసారి పట్టుకున్నప్పుడే ముగించి వదిలేయండి. జబ్బు కొట్టం వేరుగా ఉన్నా పక్కన తోడు ఆవు కనిపిస్తూ ఉండాలి. కొత్తగా ఈనబోయే ఆవులను మాత్రం అందులో ఉంచొద్దు.

అడుగు 9: మూడు వారాలు దాటాక

ఇప్పుడు వేరే రకం వాపు కోసం వెతకాలి. జ్వరం ఉండదు, ఆవు బాగానే తింటుంది. యోని దగ్గర చీము, లేదా జిగటలో కలిసిన తెల్లని చీము తీగలు కనిపిస్తాయి. ఒక్కోసారి బయటికి ఏమీ రాదు. నాలుగో వారం తర్వాత డాక్టరుతో ఒక పరీక్ష చేయించండి, ముఖ్యంగా మాయ నిలిచినవి, కవలలు ఈనినవి, మేత దగ్గర వెనకబడినవిగా గోడ మీద రాసుకున్నవి. నాలుగు వారాల లోపే తొందరపడి గర్భసంచిలో మందు ఎక్కించడం వల్ల చూలు నిలవడంలో లాభం కనిపించలేదు. ఆ తర్వాత, అండాశయం మీద పసుపు ముద్ద (కార్పస్ లూటియం) ఉంటే దాన్ని కరిగించి ఎదకు తెచ్చే ప్రోస్టాగ్లాండిన్ సూది, లేదా గర్భసంచిలో ఎక్కించే తగిన యాంటీబయోటిక్, ఏది అన్నది పరీక్షను బట్టి ఉంటుంది.

చీము కూడా కనిపించని దాగుడు వాపు ఇంకోటి ఉంది. చిన్న బ్రష్‌తో గర్భసంచి లోపలి కణాలు తీసి సూక్ష్మదర్శిని కింద చూస్తేనే తెలుస్తుంది. ఈనిన 21 నుంచి 33 రోజుల మధ్య ఆ కణాల్లో న్యూట్రోఫిల్స్ 18 శాతం, 34 నుంచి 47 రోజుల మధ్య 10 శాతం దాటితే వాపు ఉన్నట్టు లెక్కిస్తారు. ఏ కారణమూ దొరక్కుండా చూలు నిలవక పదే పదే ఎదకు వచ్చే ఆవుల్లో కొన్నింటి సంగతి ఇదే.

లెక్క ఎక్కడ వెతకాలి

ఒక ఆవుకు వస్తే అది ఆ ఆవు కథ. ఒకే నెలలో ఈనిన వాటిలో మూడు నాలుగింటికి వరసగా వస్తే మందు మార్చే ముందు పుస్తకం తీయండి. ఒక్కో ఆవుకు అయిదు గడులు చాలు: చివరి కొట్టంలోకి ఎప్పుడు చేరింది, ఆ తర్వాత ఎన్నిసార్లు చోటు మారింది, ఆ వారం గుంపులో ఎన్ని ఆవులున్నాయి, ఈనికకు చెయ్యి పెట్టారా, మాయ ఎన్ని గంటలకు పడింది. జబ్బు పడినవన్నీ పెయ్యలే అయితే పెద్ద ఆవులతో కలిపి ఉంచడం దగ్గర, ఈనిక కష్టం దగ్గర వెతకండి. అన్నీ పెద్ద ఈతల ఆవులైతే కాల్షియం వైపు చూడండి. అన్నీ ఒకే రెండు వారాల్లో ఈనినవైతే, ఆ రెండు వారాలకు మూడు వారాల ముందు కొట్టంలో ఏం మారిందో పనివాళ్లను అడగండి. కొత్త ఆవులు వచ్చాయా, ఫ్యాను చెడిందా, గాడిలో కొంత భాగం మరమ్మతుకు మూసేశారా, మేత వేసే మనిషి మారాడా అన్నది వాళ్లకే ముందు గుర్తుకొస్తుంది.